నాలుగు వందల పన్నెండు ప్లేట్లు

2019 డిసెంబరు ఇరవై, శుక్రవారం. ఆ రోజు ఆఫీసు పార్టీలో మటన్ దమ్ బిర్యానీ, మిర్చీ కా సాలన్, రుమాలీ రోటీ, చివర్లో మీగడ వేసిన ఆప్రికాట్ల ఖుబానీ కా మీఠా. విశ్వేశ్వరరావుకి తేదీలు పెద్దగా గుర్తుండవు. ఇది మాత్రం గుర్తుంది. ఆ ఏడు ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు. ఆయన భార్య అమ్మణ్ణి ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకొచ్చింది. ఖుబానీ రెండుసార్లు వడ్డించుకుంది. గింజలు పారెయ్యకుండా చేతిరుమాల్లో మూటకట్టి ఇంటికి తెచ్చి, రాత్రి పచ్చడిబండతో పగలగొట్టి, లోపలి పప్పు ఆయన చేతిలో పెట్టింది. బాదంపప్పు లాగే ఉంది. అప్పుడే అడిగింది, "ట్రేలు పట్టుకుని గోడవారన నిలబడ్డారే, ఆ పిల్లలూ ఆ సెక్యూరిటీ ఆయనా, వాళ్ళెప్పుడు తింటారండీ?" అని. ఆయన దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత రెండేళ్ళకే అమ్మణ్ణి వెళ్ళిపోయింది. ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

ఆరేళ్ళు గడిచాయి. ఈ డిసెంబరు పంతొమ్మిది కూడా శుక్రవారమే. ఈసారి మెనూలో వెజ్ బిర్యానీ, రైతా, డబుల్ కా మీఠా, మనిషికి ఒక కేకు ముక్క. ఆ ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుంటే మిగతా మూడు వేళ్ళకి పనుండదు.

పోయిన వారం మనం విశ్వేశ్వరరావుని నాలుగో అంతస్తులో, గేటు కంప్యూటరు ముందు, నోరు తెరుచుకుని ఉండగా వదిలేశాం. ఎందుకలా ఉన్నాడో ఒకసారి చెప్పుకుందాం. ఆయన హైటెక్ సిటీలో ఓ మోస్తరు కంపెనీలో అడ్మిన్ మేనేజరు. అంటే కుర్చీలు, ఏసీలు, మంచినీళ్ళు, తాళాలు, గేట్లు. ఆ కంపెనీలో కంప్యూటర్లో రాయనిదంతా ఆయన కిందికే వస్తుంది. అక్టోబరు నుంచి కొత్త రూలు పెట్టారు. నూటికి అరవై రోజులు ఆఫీసుకొస్తేనే ఏడాది చివర బోనస్. వచ్చినట్టు సాక్ష్యం, లాబీలో అద్దాల గేటుకి కార్డు చూపించడమే. హెచ్ఆర్ పెద్ద రవికిరణ్‌కి అక్కడితో తృప్తి కలగలేదు. పార్టీ రోజు వచ్చినవాళ్ళకి రెండు రోజుల హాజరు వేస్తామని ఊరించాడు. పదకొండు గంటలకి ఎన్ని కార్డులు పడితే అన్ని ప్లేట్లు చెప్పండి అని ఇంకో రూలు కూడా పెట్టాడు.

కార్డులు నాలుగు వందల పన్నెండు పడ్డాయి. జనం కార్డు చూపించి, కాఫీ తాగి, లంచ్ వేళకి ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. సాయంత్రం నాలుగింటికి పూణే నుంచి పెద్దసారు వీడియోలో చెయ్యి ఊపుతూ ప్రత్యక్షమయ్యేసరికి, ఆయనకి కనిపించింది ప్లేట్ల దొంతరలూ ఖాళీ కుర్చీలూ. తలలు లెక్కపెట్టమంటే పేరోల్లో పనిచేసే ఆమని లెక్కపెట్టి, టిష్యూ కాగితం మీద రాసి విశ్వేశ్వరరావుకి ఇచ్చింది. డెబ్భై ఒకటి. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెట్టడం ఆ పిల్ల అలవాటు.

రవికిరణ్ ముఖం మాడిపోయింది. "నాలుగుకి ముందు బయటికెళ్ళినవాళ్ళ లిస్టు నాకు ఆరింటికల్లా కావాలి. మీ సంతకంతో. ఒక్కళ్ళకీ బోనస్ రాదు" అన్నాడు. విశ్వేశ్వరరావు లిస్టు తెరిచాడు. లోపలికి వచ్చినవాళ్ళ పేర్లు నిండుగా ఉన్నాయి. బయటికి వెళ్ళినవాళ్ళ గడి పన్నెండున్నర దగ్గర ఆగిపోయి, ఆ తర్వాత పాలమీద మీగడంత తెల్లగా ఉంది.

"ఇదేంటి యాదయ్యా?" అన్నాడు వెనక్కి తిరిగి.

యాదయ్య గేటు దగ్గర గార్డు. పదకొండేళ్ళుగా అదే గేటు. బోరబండ నుంచి రోజూ రైలెక్కి వస్తాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. అతను టోపీ తీశాడంటేనే ఏదో ఉందని అర్థం.

"సారూ, నేను మీకు రెండుసార్లు ఫోన్ కొట్టిన. మీరు కట్ చేసిండ్రు. మీటింగ్ల ఉన్నరేమో అనుకున్న."

"ఉన్నాను. రవికిరణ్ గారి దగ్గరే. క్యాంటీన్‌లో బెలూన్లు ఏ రంగువి కట్టాలనే మీటింగు. సరే, ఏమైంది?"

"సరుకుల లిఫ్టు బందయి వారమాయె. వంటోళ్ళు బిర్యానీ బగోనెలు ముంగట నుంచే తెచ్చిండ్రు. గవేమో అద్దాల గేట్ల పడుతలేవు. అడ్డం తిప్పినం, నిలువు తిప్పినం, ఊహూ. వంటాయన ఒకటే మొత్తుకునుడు, చల్లగైతే నా పేరు ఖరాబైతదన్నా అని. ఇగ ఎర్ర బటన్ ఒత్తిన."

ఎర్ర బటన్ అంటే నిప్పంటుకున్నప్పుడు నొక్కేది. నొక్కితే అద్దాల రెక్కలు రెండూ పక్కకి తప్పుకుని, అలాగే ఉండిపోతాయి.

"మళ్ళీ ఎప్పుడు మూశావు?"

"నేను మూస్తె మూసుకుంటదా సారూ? ఆ గేటు కంపెనీ మనిషి రావాలె. ఆయన కొండాపూర్ కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కొని నాలుగున్నరకు వచ్చిండు."

విశ్వేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. తెరిచి ఉన్న గేటు దగ్గర ఎవరూ కార్డు చూపించరు. పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఎవరు వెళ్ళారో, ఎవరు వచ్చారో ఆ యంత్రానికి తెలియదు. ఛాతీ మీద నుంచి ఎవరో బియ్యం బస్తా దించినట్టు అనిపించింది. మూడు వందల నలభై ఒక్కమంది పేర్ల కింద తన సంతకం పెట్టాల్సిన పని తప్పింది.

యాదయ్య ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. "ఒకటి అడుగుత సారూ. లిస్టు రాకపోవుడు మంచిగైందా, చెడ్డగైందా?"

"చాలామందికి మంచే అయింది యాదయ్యా. ఒక్కడికే చెడ్డ."

"ఆ ఒక్కడు నేనే గద."

ఇద్దరికీ ఇదివరకటి గార్డు బాలనర్సయ్య గుర్తొచ్చాడు. నిరుడు అర్ధగంట ఆలస్యంగా తాళం తీశాడని, సెక్యూరిటీ ఏజెన్సీకి ఒక్క ఫోన్ చేసి అతన్ని తీయించేశారు. డ్యూటీ బూట్లు అక్కడే విప్పించుకుని, టిఫిన్ డబ్బా కోసం కూడా లోపలికి రానివ్వలేదు. డబ్బాని యాదయ్యే తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు.

"పాస్ రాశావా?" అని అడిగాడు విశ్వేశ్వరరావు.

"రాసిన సారూ. రాయకుంట ఎట్ల తెరుస్త?"

గేట్ పాస్ పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. నలభై మూడో నంబరు పాస్. యాదయ్య గుండ్రటి చేతిరాత. 'బగోనెలు 14. గంటెలు 20. పడుతలేవు కాబట్టి గేటు తెరిచినం. టైము 12.30.' దాని కింద విశ్వేశ్వరరావు సంతకం. డిసెంబరు ఒకటో తారీకున, ఖాళీ కాగితం మీద పెట్టింది.

మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక వచ్చిన అలవాటది. ప్రతి పాస్‌కీ లాబీలోకి దిగలేక, నెల మొదట్లోనే పది ఖాళీ పాసుల మీద సంతకాలు చేసి గేటు దగ్గర బల్ల మీద ఉంచేవాడు. తప్పని తెలుసు. తెలిసిన తప్పుని రోజూ చేస్తూ ఉంటే అది తప్పులా కనపడటం మానేస్తుంది.

పుస్తకం చంకలో పెట్టుకుని లేచేసరికి తలుపు దగ్గర ఆమని నిలబడి ఉంది. ఆ పిల్ల ఆయన్ని ఆఫీసులో అందరి ముందూ 'సార్' అంటుంది, ఎవరూ లేనప్పుడు 'బాబాయ్‌గారూ' అంటుంది. యాదయ్యని ఆమె పరాయివాళ్ళ లెక్కలో వేసుకోదు.

"లిస్టులో నా పేరు పైనుంచి ఎన్నోది బాబాయ్‌గారూ?"

"నువ్వెక్కడికెళ్ళావే?"

"ఒకటిన్నరకి చిన్న పనుండి బయటికెళ్ళాను. మూడున్నరకి వచ్చేశాను." ఆమె గోళ్ళు చూసుకుంటూ అంది. "నా పేరుంటే ఉండనివ్వండి. నా కోసం మీరేం చెయ్యకండి. నిజంగానే చెబుతున్నాను."

ఈ కాలంలో ఇంత మర్యాద ఉన్న పిల్లలు ఎక్కడుంటారు అనుకున్నాడు విశ్వేశ్వరరావు. గోపన్‌పల్లిలో ఇంటి కిస్తీలు, నాలుగేళ్ళ పాప. బోనస్ అక్కర్లేని మనిషి కాదు. "పిచ్చిపిల్లా, అసలు లిస్టే లేదు. వెళ్ళి డబుల్ కా మీఠా తిను" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వు పూర్తిగా పూయకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

క్యాంటీన్‌లో రవికిరణ్ ఒక్కడే ఓ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు మూసిన ల్యాప్‌టాప్. తలమీద గోడకి బంగారు రంగు కాగితం అక్షరాలు, వాటిలో ఒకటి ఊడి వేలాడుతోంది. వడ్డించే బల్ల వెనక వంటవాళ్ళు గిన్నెల మీద మూతలు తీయనూ లేక, పెట్టనూ లేక చేతులు కట్టుకుని నిలబడ్డారు. హౌస్ కీపింగ్ సూపర్‌వైజర్ రజిత, ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళు అలవాటు ప్రకారం గోడవారన ఉన్నారు. వచ్చిన డెబ్భై ఒక్కమందీ తినేసి వెళ్ళిపోయారు.

"లిస్ట్ ఏదండీ రావుగారూ? ఆరవుతోంది."

"లిస్టు రాదండి."

"రాదంటే?"

విశ్వేశ్వరరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిలబడి చెప్పే సంగతి కాదిది, మోకాళ్ళకి గానీ, మనసుకి గానీ. గేటు సంగతి పూర్తిగా చెప్పాడు. యాదయ్య టోపీ చేతిలోనే ఉంది.

"సరే, కెమెరాలు ఉన్నాయిగా" అన్నాడు రవికిరణ్.

"ఉన్నాయండి. లాబీ కెమెరాకి మీరు కట్టించిన బెలూన్ల తోరణం అడ్డమొచ్చింది. పొద్దున్నుంచి దాన్లో ఎర్రటి బెలూనొక్కటే కనిపిస్తోంది."

గోడవారన ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

"జోకులొద్దండి. పూణేకి నేనేం చెప్పాలి? ఎవరు తెరిచారు గేటు?"

"నేనే సారూ" అన్నాడు యాదయ్య.

"నిన్నెవరు తెరవమన్నారు? అది ఫైర్ బటన్ అని తెలీదా? పదకొండేళ్ళుగా ఏం చేస్తున్నావిక్కడ?" రవికిరణ్ ఫోన్ తీశాడు. "ఏజెన్సీకి చెబుతున్నా. సోమవారం నుంచి ఇతను ఈ సైట్‌లో ఉండడు."

యాదయ్య టోపీ అంచుని వేలితో ఒకసారి చుట్టూ తిప్పాడంతే. ఆ తిప్పడం చూసి విశ్వేశ్వరరావు లేచి, నలభై మూడో పాస్‌ని చింపి రవికిరణ్ ఫోన్‌కీ కళ్ళకీ మధ్య బల్ల మీద పెట్టాడు.

"ఆ ఫోన్ ఒక్క నిమిషం ఆగి చెయ్యండి. దీని మీద సంతకం నాది."

రవికిరణ్ చదివాడు. "అంటే మీరు తెరవమన్నారా?"

అవునండి అంటే అయిపోయేది. ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పక్కన నిలబడ్డవాడు యాదయ్య. ఫోన్ ఎవరు కట్ చేశారో అతనికి తెలుసు.

"అనలేదండి. అడగడానికి రెండుసార్లు ఫోన్ చేశాడు, నేనే కట్ చేశాను. ఈ నెల ఒకటో తారీకున పది ఖాళీ పాసుల మీద సంతకం పెట్టి వాళ్ళకిచ్చేశాను. మెట్లు దిగలేక. సంతకం ఉన్న పాస్ ఉంటే గేటు తెరవచ్చని మన రూలు. అతను రూలు తప్పలేదు. తప్పింది నేను. పంపించాలంటే పాస్ రాసినవాణ్ణి కాదు, సంతకం చేసినవాణ్ణి పంపించాలి."

రవికిరణ్ పాస్‌ని మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"ఇది చిన్న విషయం కాదండి రావుగారూ. మెమో ఇవ్వాల్సొస్తుంది. మీ బోనస్ కూడా ఆగిపోవచ్చు."

"ఆపండి. పోయినేడు వచ్చినదాంతో ఇస్త్రీపెట్టె కొన్నాను. అదింకా బాగానే పనిచేస్తోంది."

రవికిరణ్‌కి నవ్వు రావాల్సిన చోటే, కానీ రాలేదు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. అప్పుడు యాదయ్య గొంతు సవరించుకున్నాడు. తన తరఫున వాదించుకోవడం అతనికి చేతకాదు. తెలిసినదంతా చెప్పేయడం ఒక్కటే చేతనవును.

"ఒక్క మాట సారూ. గేటు తెరిచి ఉన్నదని నేను ఎవ్వల్నీ ఆపలే. అది నిజమే. పోయెటోళ్ళు పోయిండ్రు, వచ్చెటోళ్ళు వచ్చిండ్రు. మీరు గూడ ఒంటిగంటకు ఉరుక్కుంట పోయిండ్రు గద, స్కూల్ల పాప డ్యాన్స్ ఉన్నదని. మూడున్నరకు వచ్చి నాకు ఫోన్ల వీడియో గూడ సూపెట్టిండ్రు. నెమలి ఏషం. మస్తు చేసింది సారూ పాప. గా ఈకలు ఎవ్వరు కుట్టిండ్రోగని..."

అందులో బెదిరింపు రవ్వంత కూడా లేదు. నెమలి వేషం గుర్తొచ్చి యాదయ్య ముఖం నిజంగానే వెలిగింది. రవికిరణ్ చేతిలో ఫోన్ మాత్రం మెల్లగా బల్ల మీదికి దిగింది.

"మా ఆవిడ" అన్నాడు రవికిరణ్. "ఈకలు. వారం రోజులు కుట్టింది. నేను రానేమోనని పాప పొద్దున ఏడ్చిందండి." ముఖాన్ని రెండు చేతులతో రుద్దుకున్నాడు. "అంటే ఆ లిస్టు వచ్చుంటే అందులో నేనూ ఉండేవాణ్ణి."

"ఉండేవారండి" అన్నాడు విశ్వేశ్వరరావు. "ఆర్ అక్షరం కదా, బాగా కిందికొచ్చేవారు. అంతదాకా ఎవరూ చదవరు."

ఈసారి రవికిరణ్ నవ్వాడు. నవ్వుతుంటే అతని వయసు తెలిసింది. ముప్పై ఎనిమిది ఉంటాయేమో. టై వదులు చేసుకున్నాడు. "మీకో సంగతి చెప్పనా రావుగారూ. ఈ పార్టీకి ఎంతమంది వస్తారన్న దాని మీద నా బోనస్ ఉంది. అందుకే ఆ రెండు రోజుల హాజరు. జనం వస్తారనుకున్నాను. కార్డులొచ్చాయి."

"పోనీలెండి. గేటు దాకా అయినా వచ్చారు."

రవికిరణ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. రాస్తూ పైకే చదివాడు. భోజన సామగ్రి తరలించడం కోసం గేటును తెరిచి ఉంచినందువల్ల బయటికి వెళ్ళినవారి వివరాలు లేవు. అందువల్ల లోపలికి వచ్చిన నాలుగు వందల పన్నెండు మందికీ ముందు ప్రకటించినట్టే రెండు రోజుల హాజరు వేయడమైనది. ఎవరి పేరూ లేదు. యాదయ్య పేరు అసలే లేదు. పంపించేశాక ఓ నిట్టూర్పు విడిచి, పాస్‌ని విశ్వేశ్వరరావు వైపు జరిపాడు. "ఖాళీ సంతకాలు మాత్రం ఈ రాత్రితో ఆఖరు. మిగిలినవి కొట్టేయండి. మాటిచ్చినట్టేనా?"

"ఇంటికెళ్ళగానే మొదటి పని అదే."

యాదయ్య టోపీ తలమీదికి ఎక్కింది.

అప్పుడు రజిత గోడవార నుంచి రెండడుగులు ముందుకేసింది. "సారూ, మరి ఇదంత ఏం జెయ్యాలె? రూల్ ప్రకారం కింద మెషిన్ల పొయ్యాల్నా?"

నేలమాళిగలో ఓ యంత్రముంది. మిగిలిన అన్నం పోస్తే మొక్కలకి ఎరువు చేస్తుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకి పార్టీ భోజనం లేదని ఎక్కడా రాసి లేదు. ఉందని కూడా ఎక్కడా రాసి లేదు. అందుకే ఏటా ఆ ఎరువుతో కింద క్రోటన్ మొక్కలు ఏపుగా పెరుగుతున్నాయి.

విశ్వేశ్వరరావు రవికిరణ్ వైపు చూశాడు. "నాలుగు వందల పన్నెండు ప్లేట్లు చెప్పాం కదండీ. ప్లేట్ల మీద పేర్లు రాసి లేవు."

"మీ డిపార్ట్‌మెంట్ అండి అది" అన్నాడు రవికిరణ్. "నన్నడగకండి. నాకూ ఆకలేస్తోంది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

వంటవాళ్ళు ఒక్కసారిగా మూతలు తీశారు. పుదీనా వాసన గుప్పుమంది. మొదట ఎవరూ కూర్చోలేదు. రోజూ తుడిచే కుర్చీలే. వాటి మీద కూర్చోవడానికి చేతులూ కాళ్ళూ మొరాయించాయి. రజితే మొదట కూర్చుని, "ఏందే, ముహూర్తం జూడాల్నా? వచ్చి కూసోండ్రి" అని కసిరింది. కింద పార్కింగ్ నుంచి డ్రైవర్లు వచ్చారు. పక్క బిల్డింగుకి గాజుపలకలు బిగిస్తున్న కూలీలకి ఎవరు చెప్పారో, హెల్మెట్లు చంకలో పెట్టుకుని వాళ్ళూ వచ్చారు. రవికిరణ్ ప్లేటు పట్టుకుని నిలబడే తింటుంటే రజిత ఊరుకోలేదు.

"కూసొని తినుండ్రి సారూ. ఆ కుర్చీ ఇప్పుడే తుడిచిన. లేకుంటే తిన్నది ఒంటవట్టదు."

ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. ఎదురుగా యాదయ్య. ఫోన్‌లో నెమలి డ్యాన్స్ మళ్ళీ మొదలైంది. ఈసారి చుట్టూ పదిమంది చూశారు.

బిర్యానీలో ఉప్పు కాస్త తక్కువైంది. డబుల్ కా మీఠాలో బ్రెడ్ ముక్కలు మెత్తబడి ముద్దైపోయాయి. ఆరేళ్ళ కిందటి ఖుబానీకి ఇది కాలిగోటికి కూడా చాలదు. అయినా విశ్వేశ్వరరావుకి ఆ సాయంత్రం అన్నం తృప్తిగా దిగింది. మధ్యలో ఓసారి తల ఎత్తి గోడవైపు చూశాడు. గోడవారన ఎవరూ లేరు. అడిగినావిడకి చెప్పడానికి చివరికో జవాబు దొరికింది.

ప్రగతి నగర్‌లో ఫ్లాటుకి చేరేసరికి ఎనిమిదైంది. రజిత బలవంతంగా స్కూటర్‌కి తగిలించిన డబ్బా వంటింట్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని, గేట్ పాస్ పుస్తకంతో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. వీధి తలుపు ఓరగా తెరిచే ఉంది. అమ్మణ్ణి పోయాక చేసుకున్న అలవాటు. పడుకోబోయేదాకా తలుపు వెయ్యడు. ఎదురు ఫ్లాటువాళ్ళ టీవీ, వాళ్ళ మనవరాలి ఎక్కాలు, కుక్కరు ఈలలు, అన్నీ ఆ సందులోంచి వచ్చి ఆయనతో పాటు కూర్చుంటాయి.

యాభయ్యో పాస్ నుంచి వెనక్కి మొదలుపెట్టాడు. సంతకం మీద అడ్డంగా రెండు గీతలు, పక్కన 'రద్దు' అని. నలభై తొమ్మిది. నలభై ఎనిమిది. ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే, మోకాళ్ళు నొప్పిగానే ఉన్నా ఎక్కడో ఇంకేదో నొప్పి తగ్గుతున్నట్టు హాయిగా ఉంది. సోమవారం నుంచి ప్రతి పాస్‌కీ లాబీలోకి దిగాలి. దిగుదాం. అన్నిసార్లూ యాదయ్య మాటలు వినొచ్చు. నలభై అయిదు.

నలభై నాలుగు లేదు.

నలభై మూడు యాదయ్యది. దాన్ని ఈయనే చింపి, ఇప్పుడు మళ్ళీ పుస్తకంలో దోపాడు. నలభై నాలుగుని ఎవరో చక్కగా, చిల్లుల గీత వెంబడి చింపుకుపోయారు. కింద కార్బన్ అచ్చు పడిన గులాబీ కాగితం మాత్రం మిగిలింది. విశ్వేశ్వరరావు కళ్ళజోడు సవరించుకున్నాడు.

'అట్టపెట్టె 1. సొంత సామాను. 19-12. టైము 1.37.'

పేరు రాయాల్సిన చోట ఖాళీ. లాబీలో గేటు తెరిచే ఉన్నా, కింద రోడ్డు మీది పెద్ద గేటు దగ్గర పాస్ చూపించకుండా పెట్టె బయటికి పోదు. అందుకే రాసుంటారు. యాదయ్య బగోనెల హడావిడిలో ఉన్నప్పుడు, బల్ల మీది పుస్తకంలోంచి. దొంగతనమైతే సొంత సామాను అని ఎందుకు రాస్తారు? ఆయన కాగితాన్ని దీపం దగ్గరికి తెచ్చాడు. ఒకటి, ముప్పై ఏడు. ఆ ఏడు నడుం మీద సన్నటి అడ్డగీత.

జేబులో సాయంత్రం ఆమని ఇచ్చిన టిష్యూ కాగితం ఇంకా ఉంది. తీసి పక్కన పెట్టాడు. డెబ్భై ఒకటి. అదే ఏడు. అదే గీత.

చిన్న పనుండి బయటికెళ్ళాను. నా పేరుంటే ఉండనివ్వండి. నా కోసం మీరేం చెయ్యకండి.

మర్యాద అనుకున్నాడు. బోనస్ రాదని ముందే తెలిసిన మనిషి మాట అది. ఆఫీసులో బల్ల ఖాళీ చేసి, పాప బొమ్మలూ కాఫీ కప్పూ పెట్టెలో సర్దుకుని పోయేవాళ్ళు రెండు రకాలు. వేరే ఉద్యోగం దొరికినవాళ్ళు ఒక రకం. ఉన్నది పోతుందని తెలిసినవాళ్ళు రెండో రకం. ఆమనికి వేరే ఉద్యోగం దొరికుంటే, మొదటి లడ్డూ తెచ్చి తన నోట్లోనే పెట్టేది. ఆమె పనిచేసేది పేరోల్లో. జీతం ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో ఏ లిస్టు వచ్చినా అందరికంటే ముందు చూసేది ఆమే. ఈ సాయంత్రం అందరూ కలిసి తప్పించుకున్నది ఒక లిస్టుని. ఆ పిల్ల ఏ లిస్టు చూసిందో?

ఫోన్ తీశాడు. తొమ్మిది దాటింది, పాప పడుకుని ఉంటుంది. కాల్ చెయ్యబుద్ధి కాలేదు. 'అన్నం తిన్నావా తల్లీ?' అని మెసేజ్ పెట్టాడు. రెండు గీతలూ వెంటనే నీలం రంగులోకి మారాయి. అవతల ఆమె ఏదో రాస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్ళీ రాస్తున్నట్టు చూపించింది. చాలాసేపు రాసింది. మళ్ళీ ఆగిపోయింది. జవాబేమీ రాలేదు.

ఎదురింట్లో టీవీ కట్టేశారు. విశ్వేశ్వరరావు గులాబీ కాగితాన్నీ, టిష్యూనీ మడిచి పుస్తకంలో పెట్టి లేచాడు. పక్క ఫ్లాట్లలో ఎవరికీ నిద్ర చెడకుండా, ఒకప్పుడు అమ్మణ్ణి కోసం వేసినట్టే, రెండో చేత్తో గడియ పట్టుకుని చప్పుడు కాకుండా వీధి తలుపు వేశాడు.